భరణం అడిగితే ‘నిర్వహణ’ అన్నారు

వెబ్‌సైట్ పైభాగాన కుడిచేతివైపు ‘తెలుగు’ అనే బటన్ ఒకటి ఉంటే చాలు, ప్రభుత్వం ప్రజల భాషలో పనిచేస్తున్నట్టేనని మన అధికారులు నిజంగానే నమ్ముతున్నారు. ఆ బటన్ నొక్కితే ఏం వస్తుందో వాళ్లలో ఎంతమంది చదివి ఉంటారన్నది నాకు అనుమానమే. చదవాల్సిన అవసరం వాళ్లకి లేదు, వాళ్లకి ఇంగ్లిషు వచ్చు. ఇంగ్లిషు రాని స్త్రీకి మాత్రం ఆ పేజీయే తహసీల్దారు, ఆ పేజీయే పోలీసు స్టేషను, ఆ పేజీయే కోర్టు గుమస్తా.

పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో స్త్రీలు ఆన్‌లైన్‌లో పెట్టుకునే దరఖాస్తులు ఎక్కడ ఆగిపోతున్నాయో కొంతకాలంగా మా సంఘం గమనిస్తూ వస్తోంది. పింఛను, భూమి, భరణం, కూలి డబ్బు, గృహహింస ఫిర్యాదు - ఏదైనా సరే, ‘టెక్నికల్ ప్రాబ్లం’ అన్న రెండు మాటలతో స్త్రీలని వెనక్కి పంపిస్తున్నారు. ఆ రెండు మాటల వెనక ఏముందో విప్పి చూద్దామనే ఈ వ్యాసం. మేము చూసిన సైట్ల పేర్లు, ఆఫీసుల పేర్లు రాయడం లేదు. ఒక ఆఫీసుని తిడితే మిగిలినవన్నీ ఊపిరి పీల్చుకుంటాయి. ఇది ఒక్క ఆఫీసుకి పట్టిన జబ్బు కాదు.

ముందు భరణం సంగతి. భార్యాపిల్లల పోషణకి భర్త ఇవ్వాల్సిన డబ్బుని ఇంగ్లిషు చట్టం ‘మెయింటెనెన్స్’ అంటుంది. పాత నేరవిచారణ స్మృతిలో 125వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త సంహితలో 144వ సెక్షన్. తెలుగులో దానికి భరణం, మనోవర్తి అనే మాటలున్నాయి. కోర్టు మెట్లెక్కని ఆడవాళ్లకి కూడా ఆ మాటలు తెలుసు. మేము చూసిన ఒక సైటు తెలుగు పేజీలో మాత్రం అది ‘నిర్వహణ’ అయింది. ‘మీకు నిర్వహణ కావాలా? అవును / కాదు.’ భర్త వదిలేసి నాలుగేళ్లయిన ఒకామెకి ఆ ప్రశ్న చదివి వినిపిస్తే, “నిర్వహణ నాకెందుకమ్మా, నేనేమన్న హోటలు నడుపుతున్ననా? పిల్లలకు తిండికియ్యమను” అంది. పక్కన మనిషి లేకపోతే ఆమె ‘కాదు’ అనే నొక్కేది. అప్పుడు రికార్డులో ఏమని ఉంటుంది? ఫలానా స్త్రీ భరణం కోరలేదు అని.

అదే పేజీలో ‘మైనర్ కూతురు ఉందా’ అనాల్సిన చోట ‘చిన్న కూతురు ఉందా’ అని ఉంది. ఒక్కతే కూతురున్న తల్లి ఏమంటుంది? “పెద్దది, చిన్నది అని లేదు, ఒక్కతే” అంటుంది. పన్నెండేళ్ల పిల్ల లెక్కలోంచి పోతుంది. రాష్ట్రం పేరు రాయాల్సిన గడి మీద ‘స్థితి’ అని ఉంది. ఇళ్లలో పనిచేసే స్త్రీ ‘దేశీయ కార్మికుడు’ అయింది. ఇక అన్నిటికన్నా నన్ను మండించిన వాక్యం: ‘బాధితుడు తన భర్త పేరు నమోదు చేయాలి.’ గృహహింస మీద ఫిర్యాదు చేసే పేజీలో! ఇంగ్లిషు మాటలో లింగం లేకపోతే యంత్రం దాన్ని మగవాడిగా అనుకుంటుంది. దరఖాస్తుదారుడు, ఫిర్యాదుదారుడు, లబ్ధిదారుడు, కార్మికుడు... యంత్రానికి ఈ బుద్ధి పుట్టుకతో వచ్చింది కాదు. దశాబ్దాలుగా మన ఆఫీసు కాగితాలు, మన పత్రికలు రాసిన తెలుగు తిని అది పెరిగింది. దరఖాస్తుదారు, ఫిర్యాదుదారు అని ‘డు’ లేకుండా రాస్తే సరిపోతుంది. బాధితురాలు అనే మాట భాషలో ఉండనే ఉంది. ఇందులో సాంకేతిక సమస్య ఎక్కడుందో ఎవరైనా చెప్పాలి.

పేర్ల గొడవ ఇంతకంటే లోతైనది. ‘లాస్ట్ నేమ్’ని ‘చివరి పేరు’ అని అనువదించారు. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందు వస్తుందని తెలియనివాళ్లు తయారు చేసిన పత్రాన్ని, తెలిసినవాళ్లు కూడా దిద్దకుండా అలాగే ఎక్కించారు. చివరి పేరు రాయమంటే మన ఆడవాళ్లు చివర ఉన్న పేరే రాస్తారు, ఎల్లమ్మ అనో జంగమ్మ అనో. ఒక కార్డులో ఎల్లమ్మ అసలు పేరు, ఇంకో కార్డులో ఎల్లమ్మ ఇంటిపేరు. రెండూ సరిపోలడం లేదని కంప్యూటరు చెబుతుంది. పైగా పెళ్లితో ఇంటిపేరు మారే ఆచారం స్త్రీలకే కదా! మగవాడికి ఒక తప్పు పడేచోట ఆడదానికి రెండు పడతాయి. భర్త పేరు లేదా తండ్రి పేరు తప్పనిసరిగా నింపితే తప్ప ముందుకు కదలని గడి సంగతి సరేసరి. మక్తల్, నారాయణపేట వైపు జోగినిలుగా మారిన స్త్రీలు, వాళ్ల పిల్లలు ఆ గడి దగ్గర ఏం రాయాలి? జోగిని దురాచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో. ఆ గడికి ఇంకా ఆ వార్త అందలేదు.

పేరు తెలుగులోంచి ఇంగ్లిషులోకి, మళ్లీ ఇంగ్లిషులోంచి తెలుగులోకి వచ్చేసరికి ఏమవుతుందో చూడండి. పాలమూరు పల్లెల్లో ఈదమ్మ అని గ్రామదేవత ఉంది, ఆ పేరు ఆడపిల్లలకి పెట్టుకుంటారు. ఇంగ్లిషు అక్షరాల్లో త-ట, ద-డ, ల-ళ, న-ణ తేడాలు మామూలుగా రాసే పద్ధతిలో నిలవవు. దీర్ఘాలు అంతకన్నా నిలవవు. ఆపరేటరు ‘ఈ డి ఎ ఎం ఎం ఎ’ అని కొడతాడు. తెలుగు బటన్ నొక్కితే ఆమె ‘ఎడమ్మ’ అయి బయటికొస్తుంది. ఇందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు తొలివిడత 13 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి. వలస వెళ్లడమే బతుకుతెరువుగా మారిన పాలమూరు కూలీ కుటుంబాల్లో స్త్రీలు సొంత పేరు మీద కూలి తీసుకోవడం ఆ పథకంలో అలవాటయింది. 2024 జనవరి 1 నుంచి ఆ కూలి చెల్లింపుని ఆధార్ ఆధారంగానే చేయాలన్నారు. అంటే జాబ్‌కార్డు మీద పేరు, ఆధార్ మీద పేరు, బ్యాంకులో పేరు కలవాలి. ఈదమ్మ, ఎడమ్మ వేరు వేరు మనుషులైతే చేసిన పనికి కూలి ఎవరికి పడుతుంది? అంతకుముందు, 2022 మేలో, 20 మంది, అంతకు మించి పనిచేసే చోట్ల హాజరు ఫోన్ యాప్‌లో వేయాలని నియమం పెట్టారు. 2023 జనవరి 1 నుంచి అన్ని చోట్లకీ అదే నియమం. ఆ యాప్ మొదట వచ్చింది ఇంగ్లిషులో మాత్రమే. తెలుగు, హిందీ, తమిళం లాంటి భాషలు తర్వాత చేర్చారు. ముందు నియమం, తర్వాత భాష. ఇదే వరస అన్నిచోట్లా. ఆ ఉపాధి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో కొత్త చట్టం తెచ్చారు. పేరు మారింది. ఈ వరస మారుతుందా అని అడగాల్సిన వాళ్లం మనమే.

ఇప్పుడు అక్షరాల లెక్క. ‘స్త్రీ’ అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం. ఆ ఆరింటిలో ఒక్కోదానికి సాధారణ పద్ధతిలో మూడేసి బైట్ల చొప్పున పద్దెనిమిది బైట్ల చోటు పడుతుంది. ఇంగ్లిషు అక్షరానికి ఒక్క బైటు చాలు. ఫోనులో పంపే ఎస్సెమ్మెస్ ఇంగ్లిషులో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి, అవి కూడా పై లెక్కన. ఇది ఎవరి కుట్రా కాదు, పద్ధతి అలా ఉంది. అది తెలిసిన ఇంజనీరు చేయాల్సిందేమిటి? తెలుగు గడిని పెద్దది చేయాలి. చేయరు. ‘మీ ఫిర్యాదుని ఇన్ని అక్షరాల్లో రాయండి’ అని ఇంగ్లిషు కొలతే తెలుగుకీ పెడతారు. తనను కొట్టిన సంగతి, పిల్లల్ని లాక్కున్న సంగతి, ఇంట్లోంచి గెంటేసిన సంగతి రాస్తూ ఉండగా మధ్యలో గడి నిండిపోతుంది. ఒక సైటులో నిండిందన్న మాట కూడా ఇంగ్లిషులోనే వచ్చింది, ఎర్ర అక్షరాల్లో. ఫిర్యాదు పంపామనుకుని వెళ్లిపోయిన స్త్రీలు ఎందరో!

నన్నడిగితే ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద వైరుధ్యం సమాచార హక్కు విషయంలో ఉంది. 2005 చట్టం 6వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ ఏమంటుందో మన కార్యకర్తలందరికీ నోటికి రావాలి. దరఖాస్తుని ఇంగ్లిషులో గానీ, హిందీలో గానీ, ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ, రాతపూర్వకంగా గానీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ ఇవ్వొచ్చు. అదే చట్టం 4వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ సమాచారం ప్రచురించేటప్పుడు స్థానిక భాషని దృష్టిలో పెట్టుకోవాలంటుంది. మరి కేంద్రప్రభుత్వం 2013లో తెరిచిన ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ సూచనల్లో ఏం రాశారు? దరఖాస్తు పాఠం 3,000 అక్షరాలకి మించరాదని, ఆ గడిలో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే వాడాలని. తెలుగులో రాయాలంటే విడిగా కాగితం మీద రాసి జతచేయాలన్నమాట. పార్లమెంటు ఇచ్చిన హక్కుని ఒక గడి వెనక్కి తీసుకుంది. ఆ గడిని ఎవరు రాశారో, ఎవరి అనుమతితో రాశారో గెజిట్‌లో వెతికితే దొరకదు.

ఇది కొత్త సంగతేమీ కాదు, ఈ నేల మీద మరీ కొత్త కాదు. 1921 నవంబరులో హైదరాబాదులో సంఘసంస్కరణ సభ జరిగింది. స్త్రీవిద్య కోసం జీవితమంతా పనిచేసిన కర్వే గారు దానికి అధ్యక్షులు. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలిచేసి కూర్చోబెట్టారు. ఆంధ్ర జనసంఘం ఆ అవమానంలోంచి పుట్టింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. సంస్కర్తల సభలోనే భాషకి చోటు లేకపోయిందన్న సంగతి మనలాంటివాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. మన స్వచ్ఛంద సంస్థల వెబ్‌సైట్లు తెరిచి చూడండి. ఇంగ్లిషు పేజీలో పోయిన నెల సంగతులు, తెలుగు పేజీలో ఎప్పుడో తీసిన ఫొటో, ‘త్వరలో’ అన్న మాట. నిధులిచ్చేవాళ్లు తెలుగు చదవరు, కాబట్టి తెలుగు ఆగొచ్చు. ఈ తర్కానికీ, ఆఫీసు తర్కానికీ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు.

భూమి దగ్గరికొస్తే అనువాదం ఇంకో వేషం వేస్తుంది. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. పట్టా పాసుపుస్తకంలో తప్పులు దిద్దుకోవడానికి అందులో ఒక విభాగం పెట్టి దానికి టీఎం-33 అని నెంబరిచ్చారు. ఊళ్లలో స్త్రీలు “నాది టీఎం ముప్పైమూడు వడ్డది” అనడం నేర్చుకున్నారు. చదువు రాని మనిషి నెంబరు నేర్చుకుంది, చదువుకున్న ప్రభుత్వం ‘తప్పు దిద్దించుకొనుట’ అనే రెండు మాటలు నేర్చుకోలేదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ముందుగా ప్రయోగానికి తీసుకున్న నాలుగు మండలాల్లో ఒకటి నారాయణపేట జిల్లా మద్దూరు. పేరు తెలుగే, సంతోషం. కానీ పేరుతో పని జరగదు. పహాణీ, సేత్వార్, విరాసత్, సాదాబైనామా... ఇవి బయటి భాషల్లోంచి వచ్చినా మన రైతు స్త్రీల నోట నలిగిన మాటలు. భర్త పోయాక భూమి తన పేరు మీదికి రావడాన్ని ఆమె విరాసత్ అంటుంది, లేదా పేరు మార్పిడి అంటుంది. ఇంగ్లిషులో దాన్ని మ్యుటేషన్ అంటారు. యంత్రానికి ఆ మాట ఇస్తే జీవశాస్త్రం పుస్తకం తెరిచి ‘ఉత్పరివర్తన’ అంటుంది. ఎకరం చెలక కోసం వచ్చిన మనిషికి జన్యువుల పాఠం! దీనికి విరుగుడంటూ వచ్చే పండితులతో ఇంకో బాధ. పహాణీ తెలుగు కాదని తీసేసి, పదకోశంలోంచి సంస్కృతం ఏరి పెడతారు. యంత్రం పెట్టినా పండితుడు పెట్టినా ఆమెకి అర్థం కాని మాట అర్థం కాని మాటే.

ఇక్కడ ఇంకొక మాట చెప్పకపోతే అన్యాయం. దేవరకొండ, అచ్చంపేట తండాల్లో లంబాడీ స్త్రీలకి తెలుగు కూడా బయటి భాషే. వాళ్ల గోర్‌బోలి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో లేదు, కాబట్టి బటన్‌గా కూడా లేదు. తెలుగు బటన్ కోసం కొట్లాడేటప్పుడు వాళ్లని మర్చిపోతే, 1921 సభలో గేలిచేసినవాళ్ల బెంచీలో మనం కూర్చున్నట్టు.

‘అనువాదం లేకపోతే ఏమవుతుంది, సారాంశం తెలిస్తే చాలదా’ అనేవాళ్లకి నల్లమల గుర్తుచేస్తాను. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2019లో అమ్రాబాద్ వైపు యురేనియం అన్వేషణ మీద జనం రోడ్డెక్కాక ఆ సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. పర్యావరణ ప్రభావ అంచనా మీద 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజల భాషలో ఇవ్వాల్సింది నివేదిక సారాంశం మాత్రమే. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లిషులో ఉంటుంది. నీళ్లు ఏమవుతాయో, దుమ్ము ఎంత లేస్తుందో ఆ వందల పేజీల్లోనే ఉంటుంది. 2020లో ఆ నోటిఫికేషన్ మార్చబోతూ ముసాయిదాని ఇంగ్లిషు, హిందీల్లోనే పెట్టారు. ఆ జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఎనిమిదో షెడ్యూల్లోని అన్ని భాషల్లోకీ పది రోజుల్లో అనువదించమంది. అనువదించి పెట్టడానికి బదులు ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది. సాంకేతిక సమస్య అయితే కోర్టుకి వెళ్లి ఎందుకు వాదిస్తారు?

కృత్రిమ మేధ వచ్చింది, భాషిణి వచ్చింది, ఇక ఈ బాధలన్నీ తీరతాయని ఈ మధ్య చాలామంది అంటున్నారు. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో వచ్చింది, కేంద్రప్రభుత్వ భాషిణి 2022లో వచ్చింది. యంత్రాలు మెరుగవుతున్న మాట నిజం. చదువు రాని స్త్రీ నోటితో చెబితే రాసిపెట్టే యంత్రం వస్తే నేను మొదట చప్పట్లు కొడతాను. కానీ ‘నిర్వహణ’ని ‘భరణం’గా దిద్దే బాధ్యత ఎవరిది? చాలా సైట్ల అడుగున సన్నని అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: తెలుగు పాఠానికీ ఇంగ్లిషు పాఠానికీ తేడా వస్తే ఇంగ్లిషే చెల్లుతుంది. అంటే తెలుగు చదివి నమ్మిన స్త్రీదే నష్టం. యంత్రం ఎంత మెరుగైనా ఆ వాక్యం అక్కడ ఉన్నంతకాలం తెలుగు పేజీ అలంకారమే.

సరే, చేయాల్సింది. సైటు తెలుగు పేజీ, ఇంగ్లిషు పేజీ రెండూ అదే రోజు తేదీతో సహా ఫొటో తీసి పెట్టుకోవాలి. మర్నాడు మార్చేసి ‘అలా లేనే లేదే’ అనడం మాకు అనుభవమే. ఒక సైటులో ఇంగ్లిషు జాబితాలో నారాయణపేట జిల్లా ఉంది, తెలుగు జాబితాలో లేదు. ఆ జిల్లా వచ్చింది 2019లో. ఇంగ్లిషు మార్చినవాళ్లు తెలుగు ముట్టుకోలేదన్నమాట. ఇలాంటివి రెండు ఫొటోలు పక్కపక్కన పెడితేనే తేలతాయి. తప్పు ఏ రకమో విడదీయాలి. అక్షరాలు గజిబిజిగా, పెట్టెలు పెట్టెలుగా కనబడితే పాత ఫాంటులో కొట్టింది యూనికోడ్‌లోకి మార్చలేదని అర్థం. అది నిజంగా సాంకేతికమే, దిద్దడం కూడా తేలికే. మాట తప్పయితే అనువాదం. తెలుగు పేజీలో ఉండి దరఖాస్తు పంపాక రసీదు, తిరస్కరణ కారణం ఇంగ్లిషులో వస్తే అది అనువాదమూ కాదు, సాంకేతికమూ కాదు, నిర్లక్ష్యం. తిరస్కరించిన కారణం తెలుగులో రాసివ్వమని అడగాలి. అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. ఉర్దూ చదివే ముస్లిం స్త్రీలకి ఉర్దూలో ఇవ్వమని కూడా అడగాలి, 2017 నుంచి అది రాష్ట్రమంతటా రెండో అధికార భాష.

ముఖ్యంగా ఆ పేజీలని సంఘంలో బిగ్గరగా చదివించాలి. 1993లో మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో మహిళా సమతా కార్యక్రమం మొదలైనప్పటి సంఘాల స్త్రీలు కొందరు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. మాట అర్థమైందో లేదో వాళ్లు ముఖం మీదే చెబుతారు. మేము ఒక పేజీ చదివిస్తే ఒక్క గంటలో పదకొండు మాటలు మార్చారు. ఏ కన్సల్టెంటూ అక్కర్లేకపోయింది.

ఆ పదకొండు మాటల జాబితాని, ఫొటోలతో సహా, సోమవారం ప్రజావాణిలో ఇచ్చాం. రెండు నెలలకి ఆ సైటులో ‘నిర్వహణ’ పోయి ‘భరణం’ వచ్చింది. ‘బాధితుడు’ అలాగే ఉన్నాడు. రసీదు ఇంగ్లిషులోనే వస్తోంది. మిగిలిన పది మాటలతో రెండో అర్జీ రాశాం, ఈసారి 6వ సెక్షన్, 4వ సెక్షన్ రెండూ పేర్కొని, తెలుగులోనే.